సర్కారు ప్రెస్ రేటు ఎందుకు ఎక్కువ పడుతుందో ఒకసారి చూడండి

"ఆఫీసు ఫారాలు, రిజిస్టర్లు ప్రభుత్వ ప్రెస్‌లో అచ్చు వేయించే కంటే బయట వేయిస్తేనే చవక. ఆ ప్రెస్‌లు ఇంకా ఎందుకండీ?" మొన్న ఒక పెళ్లిలో పాత సహోద్యోగి ఇలా అన్నాడు. అక్కడ ఏమీ అనలేకపోయాను కానీ, ఇంటికొచ్చాక ఆ మాట మనసులోంచి పోలేదు.

తెలంగాణలో ఒక జిల్లా ఆఫీసులో చాలా ఏళ్లు స్టేషనరీ సీటు చూశాను. ఇండెంట్లు, అంటే ఏ ఫారాలు ఎన్ని కావాలో ప్రెస్‌ను అడిగే కాగితాలు, రాసిందీ, గోడౌన్‌లో కట్టలు లెక్కపెట్టిందీ నేనే.

బయటి ప్రెస్‌కూ అద్దె, కరెంటు, జీతాలు ఉంటాయి. కానీ ఆ ప్రెస్ యజమాని శుభలేఖలు, క్యాలెండర్లు, కరపత్రాలు వేసి ఆ భారాన్ని పంచుకుంటాడు. సర్కారు ప్రెస్‌కు వచ్చేది శాఖల పనే. లక్ష ఫారాలు వేయాల్సిన మిషన్ మీద ఇరవై వేలే వేస్తే, ఒక్కో ఫారం మీద పడే జీతాల, మిషన్ ఖర్చు ఐదు రెట్లవుతుంది. ఆ రేటు చూసి ఇంకో శాఖ బయటికి పోతుంది. మిగిలినవాళ్లకు రేటు మళ్లీ పెరుగుతుంది. పని తగ్గించింది మనమే, రేటు పెరిగిందని తిట్టేదీ మనమే.

అసలు కొన్ని పనులకు ఖర్చయ్యేది సిద్ధంగా ఉండటానికే. పంచాయతీ ఎన్నికలు ఇప్పటికీ బ్యాలెట్ పేపరు మీదే జరుగుతున్నాయి. ఆ కొద్ది రోజుల్లో రాత్రింబవళ్లు నడవాలంటే మిషన్లు, మనుషులు ఏడాదంతా ఉండాలి. 1950లో కేంద్ర బడ్జెట్ వివరాలు బయటికి పొక్కాయి. దాంతో ముద్రణను రాష్ట్రపతి భవన్ నుంచి ఢిల్లీలోనే ఉన్న మింటో రోడ్ ప్రెస్‌కు, 1980లో ఆర్థిక శాఖ ఉన్న నార్త్ బ్లాక్ భవనానికి మార్చారు. రహస్యం కాపాడటానికీ ఖర్చవుతుంది. ఇలాంటి ఖర్చును మామూలు హాజరు రిజిస్టరు ధరలో ఎందుకు కలపాలి? అది ప్రభుత్వం బడ్జెట్‌లో నేరుగా ఇవ్వాల్సిన డబ్బు.

అలాగని అన్నీ ఉచితంగా ఇవ్వమని అనను. ఉచితమైతే ఏమవుతుందో కళ్లారా చూశాను. మా ఆఫీసు బడ్జెట్ పద్దు మీద ఖర్చు పడదని తెలిసినప్పుడు ఐదు వేలు చాలినచోట పది వేలకు ఇండెంటు పెట్టేవాళ్లం. నేనూ పెట్టాను. 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి. పాత జిల్లా పేరుతో అచ్చయిన ఫారాలు కట్టలకు కట్టలు చిత్తు కాగితాల కింద పోయాయి. ఆ రోజు నిజంగా బాధేసింది.

డబ్బు వసూలు చేసే పద్ధతి కూడా బాగాలేదు. జూన్‌లో వచ్చిన రిజిస్టర్ల బిల్లు మార్చిలో బుక్ అడ్జస్ట్‌మెంట్‌గా, అంటే డబ్బు చేతులు మారకుండా ఖాతాల్లోనే సర్దే పద్దుగా, వచ్చేది. అందులో ఒకే మొత్తం ఉండేది, దేనికి ఎంతో ఉండేది కాదు. అడిగితే మళ్లీ ఉత్తరాలు, మళ్లీ టెన్షన్. అలాంటప్పుడు ఏ ఆఫీసరు పొదుపు చేస్తాడు?

కేంద్రం 2017లో తన 17 ప్రెస్‌లను అయిదుకు కుదించాలని నిర్ణయించింది. గెజెట్ అంతకు ముందే, 2015 అక్టోబరు నుంచి, కాగితం వదిలి ఆన్‌లైన్‌కు వెళ్లింది. పని తగ్గిన మాట నిజమే, కొన్ని మూసేయాల్సి రావచ్చు. అయితే ఏది మూయాలో తేల్చేది సరైన లెక్క కావాలి.

ఇండెంటు అందిన వారంలో ప్రెస్ నుంచి శాఖకు ఒక అంచనా కాగితం పంపండి. కాగితం, ప్లేట్లు, అచ్చు, బైండింగ్ వేర్వేరుగా రాయండి. ఎన్నికలకు, రహస్య పనులకు సిద్ధంగా ఉండే ఖర్చును అందులోంచి తీసేయండి. మిగిలిన అంకెను బయటి కొటేషన్ పక్కన పెట్టి అప్పుడు చూడండి.