సవరణ: ఫిజియోథెరపిస్టుల అర్హతలు, బాధ్యతల గురించి

ఒంగోలు, కావలి ప్రాంతాల్లో బైపీసీ చదివే పిల్లల తల్లిదండ్రుల కోసం లోగడ పెట్టిన పోస్టులో, ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చదవనిదే ఫిజియోథెరపిస్టు రోగిని స్వయంగా పరీక్షించి చికిత్సా ప్రణాళిక వేయకూడదని రాశాను. అది తప్పు. విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికను, అనుబంధ ఆరోగ్య వృత్తులపై 2021లో పార్లమెంటు చేసిన చట్టాన్ని చూసి ఈ సవరణ ఇస్తున్నాను.

4 ఏళ్ల చదువు, ఆపై ఇంటర్న్‌షిప్ పూర్తిచేసిన బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పట్టభద్రులే కీళ్ల కదలికను, కండరాల బలాన్ని, నడక తీరును పరీక్షించి, తగిన వ్యాయామాలను నిర్ణయించి, రోగి కోలుకునే తీరును బట్టి వాటిని మార్చే శిక్షణ పొందుతారు. కనీసం 3,600 గంటల పట్టా చదువు ఉన్నవారిని ఆ చట్టం ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తిస్తుంది; ఫిజియోథెరపీ ఆ జాబితాలోనే ఉంది. ఎంపీటీ మరో 2 ఏళ్ల చదువు. అది ఎముకలు, నరాలు, గుండె-ఊపిరితిత్తులు, క్రీడాగాయాల వంటి ఒక విభాగంలో ప్రత్యేక నైపుణ్యాన్నిస్తుంది. బోధనకూ, విభాగ బాధ్యతలకూ దారి చూపుతుంది.

సహాయకుల విషయం వేరు. వారు థెరపిస్టు చెప్పిన వ్యాయామాలను పర్యవేక్షణలో చేయిస్తారే తప్ప చికిత్సను నిర్ణయించరు. పక్షవాతం వచ్చిన పెద్దలకు ఇంటి వద్దే వ్యాయామం చేయించుకునేవారు, ఆ ప్రణాళిక వేసిందెవరో తప్పక అడగాలి.