అటక మీది టేపుకి ముందు చిట్టా కావాలి

మన అమెరికా తెలుగు సంఘాల్లో జాజ్ రికార్డులు సేకరించేవాళ్ళు తక్కువేమీ కాదు. బ్లూ నోట్ కంపెనీ వాళ్ళ టోన్ పొయెట్ పునర్ముద్రణల వరసలో కొత్త ఎల్‌పీ వస్తోందంటే నెల ముందే డబ్బు కట్టేస్తారు. కటింగ్ (ప్లేటు మీద గాడి కోయడం) ఎవరు చేశారు, మూలం టేపా, కంప్యూటర్ ఫైలా అని గంటలకొద్దీ వాదించుకుంటారు. అదే మనుషులు సంక్రాంతికి బొబ్బిలో, ఆమదాలవలసో వెళ్ళినప్పుడు అటక మీద హరికథ క్యాసెట్టు ఒకటి దొరికితే పాత టూ-ఇన్-వన్‌లో వేసి, ముందు ఫోను పెట్టి, వచ్చినంత మేరా వాట్సాప్‌లో పడేస్తారు. కథ చెప్పిందెవరో, ఏ ఊళ్ళోనో, మృదంగం ఎవరిదో ఎక్కడా రాయరు. ఆర్నెల్లకి ఆ ఫైలు వందమంది ఫోన్లలో ఉంటుంది. అదేమిటో మాత్రం ఒక్కరికీ తెలియదు.

జాజ్‌లో పునర్ముద్రణలు అంత బాగా రావడానికి మంచి యంత్రాల కన్నా ముందున్నవి కాగితాలు. 1936లోనే పారిస్‌లో షార్ల్ డెలోనే అనే అభిమాని రికార్డుల పట్టికను పుస్తకంగా వేశాడు. ఏ రోజు, ఎవరెవరు కూర్చుని వాయించారు, ఆ ముద్రణ అంకె ఎంత అన్న లెక్క అప్పట్లో కంపెనీలకే పెద్దగా పట్టేది కాదు. శ్రోతలే రాసిపెట్టారు. తర్వాత మైకేల్ కస్కూనా అనే రికార్డు నిర్మాత 1975లో బ్లూ నోట్ గోదాములో అడుగుపెట్టేనాటికి ఆయన చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. విడుదల కాకుండా పడివున్న రికార్డింగు సెషన్ల గురించి వాద్యకారుల్ని అడిగి రాసుకున్నది. ఆయన పెట్టిన మొజాయిక్ సంస్థ 1983లో పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ రికార్డుల పెట్టెతో మొదలైంది. ఆ పెట్టెల్లో రికార్డులతో పాటు వచ్చే పుస్తకంలో తేదీలు, టేకుల అంకెలు, వాద్యకారుల పేర్లు వరసగా ఉంటాయి. సేకరించేవాళ్ళు ఆ పుస్తకం కోసమే కొంటారన్నా అతిశయోక్తి కాదు.

కొనేవాళ్ళకి ఇక్కడే ఒక మాట. అట్ట మీద "180 గ్రాములు" అన్న స్టిక్కరు బరువు చెబుతుంది, మూలం చెప్పదు. ఐరోపాలో 2013 దాకా రికార్డింగులకు రక్షణ 50 ఏళ్ళే. ఆ ఏడాది 70కి పెంచారు గాని, అప్పటికే గడువు తీరినవి మళ్ళీ రక్షణలోకి రాలేదు. అందుకే 1962 వరకూ విడుదలైన జాజ్ అంతా అక్కడ రికార్డింగు హక్కుల అడ్డు లేకుండా ఎవరైనా ముద్రించుకోవచ్చు. ఆ ఎల్‌పీల్లో చాలావాటికి మూలం మార్కెట్లో దొరికే సీడీయే. లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య ఉన్న ఖాళీ జాగాని టార్చి వేసి చూడండి. పాత బ్లూ నోట్‌లో అక్కడ రికార్డింగు ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ ముద్ర ఉంటుంది. 1966కి ముందు ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో అచ్చయినదైతే చెవి ఆకారంలో చిన్న గుర్తు కూడా ఉంటుంది. కొత్త ముద్రణలో కట్ చేసిన ఇంజినీరు పొడి అక్షరాలు ఉండాలి. మూలం గురించి ఒక్క ముక్కా రాయని అట్టని అనుమానించండి. రాసినా పూర్తిగా నమ్మేయకండి: నేరుగా టేపునుంచే అని పేరు తెచ్చుకున్న ఒక అమెరికన్ సంస్థ మధ్యలో డిజిటల్ మెట్టు వాడుతోందని 2022లో బయటపడింది.

ఇక దొరకనివి ఎలా దొరికాయో చూద్దాం. 1957 నవంబరు 29న కార్నెగీ హాల్లో మంక్, శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ కలిసి వాయించిన కచేరీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో టేపుల మధ్య ఉండిపోయింది. 2005లో మామూలు డిజిటలీకరణ పనిలో అక్కడి ఉద్యోగి ల్యారీ యాపెల్‌బామ్ కంటపడింది. 1963 మార్చి 6న న్యూజెర్సీ ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని వాన్ గెల్డర్ స్టూడియోలో కోల్ట్రేన్ చేసిన సెషన్ మూలం పోయింది. వినడానికి ఇంటికి తీసుకెళ్ళిన మోనో కాపీ మాత్రం మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర మిగిలి, 2018లో విడుదలైంది. నాకు అన్నిటికన్నా నచ్చేది 1968లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో హైస్కూల్లో మంక్ చేసిన కచేరీ. ఆ స్కూల్లో ఊడ్చి తుడిచే పనివాడొకాయన పియానో శ్రుతి చేసి పెడతాను, బదులుగా రికార్డు చేసుకోనివ్వండి అని అడిగాడట. ఆ టేపు 2020లో మంక్ ఆల్బమ్ అయింది.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఆ పనివాడి చోటు మైకుసెట్టు షాపాయనది. శ్రీరామనవమి పందిళ్ళు, దసరా హరికథలు, గ్రామదేవత పండగల్లో తప్పెటగుళ్ళు, జముకుల కథలు అన్నీ ఆయన ఆంప్లిఫయరు గుండానే పోయాయి. పక్కన టేపురికార్డరు తగిలించుకునేవాళ్ళు చాలామంది ఉండేవారు. కళాకారుడి ఇంటికి వెళ్ళడం మంచిదే, కానీ ఇంట్లో దాచింది ఎక్కువగా సన్మాన పత్రాలు, ఫోటోలు. టేపులు ఉండేది మైకుసెట్టాయన ట్రంకు పెట్టెలో, పాత క్యాసెట్ రికార్డింగ్ షాపు అలమరలో, రేడియో ముందు కూర్చుని కచేరీలు పట్టుకున్న రిటైర్డ్ మాస్టారి ఇంట్లో. చీపురుపల్లి, రాజాం, నరసన్నపేట, టెక్కలి లాంటి ఊళ్ళలో మొదట తట్టాల్సిన తలుపులు ఇవే.

విజయనగరం సంగతి ప్రత్యేకం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులుగా సంగీత కళాశాల మొదలైంది. అప్పుడే వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ఆ పదవికి వచ్చారు. ఎవరైనా "మా తాతగారు కచేరీలో స్వయంగా రికార్డు చేసిన ద్వారం వారి క్యాసెట్టు" అంటే వెంటనే ఒక లెక్క వేసుకోవాలి. ఫిలిప్స్ వాళ్ళు క్యాసెట్టు బయటికి తెచ్చింది 1963లో. నాయుడుగారు పోయింది 1964లో. కనక ఆ క్యాసెట్టు ఏదో స్పూలు టేపుకో (పెద్ద చక్రాలకి చుట్టే పాత టేపు), రేడియో ప్రసారానికో, 78 రికార్డుకో (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డు) కాపీ. క్యాసెట్టు చూసి మురిసిపోకుండా ఆ స్పూలు ఎక్కడుందని అడగాలి.

టేపు చేతికొచ్చాక అన్నిటికన్నా పెద్ద చిక్కు వేగం. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" ఆల్బమ్ మొదటి వైపు మూడు పాటలూ దశాబ్దాల పాటు కాస్త హెచ్చు శ్రుతిలోనే అమ్ముడుపోయాయి. 1959 మార్చి 2న అసలు రికార్డింగ్ యంత్రం నెమ్మదిగా తిరగడం కారణం. పక్కన నడిచిన రెండో యంత్రం టేపు తీసి 1992లో సరిచేశారు. జాజ్‌లో పియానో ఉంటుంది కనక రికార్డుతో పాటు వాయించి చూస్తే తేడా పట్టుబడుతుంది. మనకి ఆ సౌకర్యం లేదు. హరికథ చెప్పే ఒక దాసుగారు ఒకటిన్నర శ్రుతిలో, ఇంకొకరు రెండు శ్రుతిలో పాడతారు. టేపు వేగంగా తిరిగితే "అబ్బ, ఏం గొంతు!" అనుకుంటాం తప్ప అనుమానం రాదు.

సాక్ష్యం వేరే వెతకాలి. మైకుసెట్టు నుంచి తీసిన టేపులో కరెంటు హమ్ (సన్నగా వినబడే గుయ్‌మనే మోత) దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మన దేశంలో అది 50 హెర్ట్జ్. స్పెక్ట్రమ్ (శబ్దంలోని ఫ్రీక్వెన్సీల పటం) చూపించే ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనైనా 50 దగ్గరా, 100 దగ్గరా సన్నని గీత కనబడుతుంది. ఆ గీత 52 దగ్గరుంటే టేపు ఇప్పుడు నాలుగు శాతం వేగంగా వినబడుతోందన్నమాట. అంటే అరస్వరానికి మూడింట రెండు వంతులు హెచ్చు. గీత ఏటవాలుగా పైకి పోతుంటే రికార్డరు బ్యాటరీల మీద నడిచిందని, గంట గడిచేకొద్దీ అవి దిగిపోయాయని అర్థం. అయితే ఇక్కడొక మెలిక: ఆ రోజుల్లో సాయంత్రం పూట కరెంటు గ్రిడ్ 48 హెర్ట్జ్‌కి దిగడం కొత్తేమీ కాదు. జనరేటర్ మీద నడిచిన పందిరైతే హమ్‌ని అసలు నమ్మకూడదు. అందుకే రెండో సాక్షి కావాలి. శ్రుతికి హార్మోనియం ఉంటే దాని రీడ్లు మారవు. ఆ హార్మోనియం ఇంకా ఎవరింట్లోనో ఉంటే ఇంకేం కావాలి, వెళ్ళి ఆ రీడు నొక్కి రికార్డు చేసుకు రండి. రెండు సాక్ష్యాలూ కలిస్తేనే వేగం మార్చాలి, అదీ కాపీలోనే.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది. ఊరినుంచి స్పూలు రికార్డరునో, పాత రికార్డు ప్లేయర్‌నో తెచ్చుకుని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుతారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే 50 హెర్ట్జ్ మోటారు ఇక్కడి 60 మీద ఇరవై శాతం వేగంగా తిరుగుతుంది. అంటే శ్రుతి మూడు స్వరస్థానాల పైచిలుకు లేచిపోతుంది.

టేపు విషయంలో జాగ్రత్తలు. స్పూలుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే అసిటేట్ అనే పాత రకం ప్లాస్టిక్ టేపు అయితే చుట్టల మధ్య నుంచి వెలుగు కనబడుతుంది. అది పుటుక్కున తెగుతుంది. పాలియెస్టర్ టేపు సాగుతుంది. సిర్కా (వినిగర్) వాసన వస్తుంటే అసిటేట్ కుళ్ళడం మొదలైంది, ఆ స్పూలుని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి. వెనక నల్లపూత ఉన్న 1970, 80ల టేపులు కొన్ని, టేపుని చదివే హెడ్‌కి జిగురులా అతుక్కుని కీచుమంటాయి. నిపుణులు వీటిని 54 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ వేడిచేసి తాత్కాలికంగా బాగుచేస్తారు. ఈ చిట్కా విని అసిటేట్‌ని వేడిచేస్తే నాశనమే. తెగిన టేపుకి స్ప్లైసింగ్ టేపే వాడాలి. మామూలు సెల్లోటేపు జిగురు కారి పక్క చుట్టలకి అంటుకుంటుంది.

క్యాసెట్లలో సీ-90 (90 నిమిషాలది) టేపు మందం 12 మైక్రాన్లు, సీ-120 అయితే 9. రెండోది చిక్కుపడిందంటే పనైపోయినట్టే. లోపల ఫెల్ట్ ప్యాడ్ (టేపుని హెడ్‌కి నొక్కిపట్టే మెత్త) ఊడిపోయిందేమో చూసి, ఊడితే స్క్రూలున్న కొత్త డబ్బాలోకి టేపు మార్చండి. ప్రతి క్యాసెట్టుకీ హెడ్ వంపుని దాని పక్కనుండే చిన్న స్క్రూతో సరిచేసి, చిడతల మోత ఎక్కడ అన్నిటికన్నా పదునుగా వినబడుతుందో అక్కడ ఆపాలి. యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ బొమ్మలతో ఈ పని జరగదు. మన తీరప్రాంతపు చెమ్మకి టేపు అంచున తెల్లటి బూజు పట్టడం సహజం. బూజున్న టేపుని ఆడించకండి, మాస్కు లేకుండా ముట్టుకోకండి. పెట్టెలో కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి మంచిది కాదు.

78 రికార్డులకి స్పిరిటు తగిలిందా, లక్క కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బుద్రావకం, మెత్తని బ్రష్షు చాలు, లేబుల్ తడవకూడదు. ఎల్‌పీ సూది మొన 18 మైక్రాన్లు, 78కి 65 నుంచి 75 కావాలి. పాత గ్రామఫోను పెట్టె మీద ఇనప సూదితో ఆడించి వీడియోలు తీసే సరదా మానుకోండి. ఆడించిన ప్రతిసారీ గాడి అరుగుతుంది.

ఫైలు 24-బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్‌గా ఉండాలి. స్టీరియో గంటకి రెండు జీబీలు, ఈ రోజుల్లో అదొక లెక్క కాదు. మూల ఫైలు మీద శబ్దం తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడనే కూడదని నా పట్టు. ఆ సాఫ్ట్‌వేర్‌కి తప్పెటగుళ్ళ వాళ్ళ గజ్జెల మోతా, తంబురా జీవాళీ (తీగల జుమ్మనే నాదం) రొదలాగే కనబడతాయి, రెంటినీ మింగేస్తుంది. చిడత పడ్డప్పుడల్లా దాసుగారి గొంతు అణిగిపోవడం మోత పెరగగానే తనంతట తనే తగ్గించే ఆనాటి ఆటోమేటిక్ రికార్డరు లక్షణం. దాన్ని దిద్దబోయి ఉన్నది పోగొట్టుకోవద్దు.

టేపుల్ని ఇక్కడికి తెచ్చి మంచి స్టూడియోలో చేయిద్దాం అనే ప్రతిపాదన మన సమావేశాల్లో తరచూ వస్తుంటుంది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. టేపులో ఉన్నదెవరో చెప్పగలిగే చెవులు అక్కడే ఉన్నాయి. ఆ వయొలిన్ పట్టు ఎవరిదో, ఆ దరువు ఏ ఊరి బృందానిదో డెబ్భై దాటిన నలుగురు కూర్చుని వింటే తేలుతుంది, డల్లాస్‌లో తేలదు. రెండు మంచి క్యాసెట్ డెక్కులు, శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక స్పూలు యంత్రం విజయనగరంలో పెట్టించి, ఇద్దరు కుర్రాళ్ళకి జీతం ఇవ్వడమే సరైన పద్ధతి. విలేకరుల సమావేశం, సీడీ ఆవిష్కరణ సభ లేకుండా ఈ ఖర్చుకి చందా ఇస్తారా అన్నది మాత్రం అనుమానమే.

హక్కుల సంగతి క్లుప్తంగా. భారత చట్టంలో విడుదలైన రికార్డింగుకి 60 ఏళ్ళు. 1960లో వచ్చిన రికార్డు 2021 జనవరి 1 నుంచి స్వేచ్ఛ. అమెరికాలో లెక్క వేరు. 2018 చట్టం ప్రకారం 1947–56 మధ్య విడుదలైనవాటికి 110 ఏళ్ళు. కాబట్టి సంఘం వెబ్‌సైటులో పెట్టేముందు లాయరుని అడగాలి. నారాయణదాసుగారి రచనల గడువు 2005తో తీరిపోయింది, కానీ ఆ కథని 1985లో చెప్పిన దాసుగారికి, పక్క వాద్యాలవాళ్ళకి హక్కులు ఉండవచ్చు. చట్టం మాట పక్కన పెట్టినా, ఒకరాత్రి పందిట్లో ఎవరినో ఎత్తిపొడిచిన పిట్టకథ ఉంటే ఆ ఇంటివాళ్ళని అడక్కుండా ప్రపంచానికి వినిపించడం మర్యాద కాదు. దాచడం అన్నీ దాచాలి. విడుదల మాత్రం అడిగి చేయాలి.

ఈ సంక్రాంతికి వెళ్ళేవాళ్ళు ఒక మెత్తని పెన్సిలు, కొన్ని అట్టముక్కలు పట్టుకెళ్ళండి. టేపు ఆడించకముందే డబ్బా మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ, కొట్టివేతలతో సహా, ఫోటో తీయండి. అట్టముక్క మీద టేపు ఎవరింట్లో దొరికింది, ఎవరిచ్చారు, వాళ్ళు ఏం చెప్పారు, ఎవరు చెప్పినది ఊహ, ఎవరు చెప్పినది కళ్ళారా చూసినది అని విడివిడిగా రాయండి. 78 అయితే లేబుల్ అంకెతో పాటు లోపలి ఖాళీ జాగాలో ఉన్న అంకె కూడా రాయాలి. ఆ రెండూ వేరు, రెండోదే రికార్డింగుకి అసలు గుర్తు. ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, వైపు ఉండాలి. సంవత్సరం తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టండి, సున్నాలు పెట్టకండి. టేపుని మాత్రం ఇచ్చినవాళ్ళ చేతికే తిరిగి ఇచ్చేయండి.