రీసెట్ బటన్ గారికి శనార్తులు

మహారాజశ్రీ రీసెట్ బటన్ గారికి,

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక నెట్ సెంటర్ నుంచి రాస్తున్నాను.

ఆన్‌లైన్ ఫారాల్లో సబ్మిట్ పక్కనే, అదే సైజులో, ఒక్కోసారి అదే రంగులో తమరు కొలువుదీరి ఉంటారు. ఫారం అంతా నింపినవాడికి మీతో ఏం పని? నింపనివాడికి అసలే లేదు. అయినా 1995లో, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 2.0లో దొరికిన కుర్చీని ఇప్పటిదాకా వదల్లేదు. మిమ్మల్ని తీసేస్తే చాలా ఫారాలు బాగుపడతాయని వెబ్‌సైట్లు వాడటం తేలిక చేయాలని చెప్పే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. పాపం, కుర్చీ ఎక్కినోడు దిగడని ఆయనకెవరూ చెప్పినట్టు లేరు.

ఇక్కడి ఆపరేటర్ పిల్లగాడు మౌస్ ముట్టడు. ట్యాబ్ కొడితే తర్వాతి గడి, షిఫ్ట్ పట్టి కొడితే వెనకటి గడి, డిక్లరేషన్ దగ్గర స్పేస్ నొక్కితే టిక్కు. జిల్లా దగ్గర నల్లగొండ కోసం 'ఎన్' రెండుసార్లు నొక్కుతాడు. ఒక్కసారే నొక్కి ముందుకుపోతే మనిషి నాగర్‌కర్నూల్ జిల్లావాడైపోతాడు. 2016లో జిల్లాలు పెరిగాక వచ్చిన తిప్పలివి.

అంత ఊపులో వచ్చి చివరి ట్యాబ్ కొట్టి ఎంటర్ నొక్కుతాడా, సబ్మిట్ కన్నా ముందు మీరు కూర్చున్న ఫారమైతే అది మీ ఖాతాలో పడుతుంది. ఇక అంతే సంగతులు. 12 అంకెల ఆధార్ దగ్గర్నుంచి పిన్‌కోడ్ దాకా సాఫు. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫొటో తీసేయాలన్నా ఒకసారి అడుగుతుంది. మీరు అదీ అడగరు. చేసినదాన్ని వెనక్కి తిప్పే కంట్రోల్ జెడ్ ఎంత మొత్తుకున్నా వినరు.

మీ ఇంకో ఘనత చాలామందికి తెలియదు. మీరు చెరిపేయరు, పేజీ తెరిచినప్పుడు ఏముందో దాన్నే తెచ్చి పెడతారు. ఇంటిపేరులో తప్పు దిద్దుకుందామని కరెక్షన్ ఫారం తెరిచినవాడికి మీ చేయి తగిలితే, పాత తప్పే పదిలంగా తిరిగొస్తుంది. ఇంత జ్ఞాపకం ఆఫీసులో మా ఫైళ్ల మీద ఉంటే ఎంత బాగుండు!

మొన్న ఆదాయం సర్టిఫికెట్ కోసం కనగల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. స్క్రీన్ తెల్లబడగానే "మల్ల మొదటి సంది కొట్టాల్నా బిడ్డా?" అన్నాడు. కొట్టాలి, ఓటీపీ కూడా మళ్లీ కావాలి. ఆ ఓటీపీ పోయేది హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్న కొడుకు ఫోన్‌కు. మొదటిసారి విసుక్కుంటూనే చెప్పాడు. రెండోసారి ఎత్తనే లేదు.

తమరు రిటైరైతే సంతోషం. కాదంటే కనీసం సబ్మిట్‌కు దూరంగా ఓ మూలకు జరిగి, చిన్నగా కూర్చోండి. జవాబు మాత్రం ఓటీపీ గడువు దాటకముందే రాయగలరు.

ఇట్లు,
లైన్లో ఆ పెద్దాయన వెనక నిలబడ్డవాడు