బొప్పాయి ఆకు రసంతో డెంగీ తగ్గుతుందా?

వానలు పడి, పేపర్లో డెంగీ కేసుల వార్తలు కనిపించగానే ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. డెంగీకి ఇంగ్లిషు మందు లేదట. బొప్పాయి ఆకు రసం రెండు పూటలా తాగిస్తే ఒక్క రోజులో ప్లేట్‌లెట్లు 20 వేల నుంచి 2 లక్షలకు ఎక్కుతాయట. శాస్త్రవేత్తలు నిరూపించినా మందుల కంపెనీలు తొక్కిపెట్టాయట. కివీ, దానిమ్మ, బీట్‌రూట్ కూడా పెడితే ఆసుపత్రి గడప తొక్కక్కర్లేదట. ఎలాగూ ఆకే కాబట్టి నష్టమేమీ లేదట.

మందు లేదన్నంత వరకు నిజమే. డెంగీ వైరస్‌ను చంపే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. అయితే మందు లేనంత మాత్రాన చికిత్స లేదని కాదు. తీవ్రమైన డెంగీలో పట్టించుకోకపోతే నూటికి ఇరవై మందికి పైగా చనిపోయే ప్రమాదం ఉంటే, వేళకు కనిపెట్టి సెలైన్ లెక్కగా ఎక్కిస్తే అది ఒక శాతం లోపుకు దిగుతుంది. మెసేజ్ అక్కర్లేదంటున్న ఆసుపత్రిలో జరిగేది ఇదే.

ఇక నిరూపించారన్న మాట. ఇది పూర్తిగా గాలి కబురు కాదు. 2011లో పాకిస్తాన్ నుంచి ఒక రిపోర్టు వచ్చింది. 45 ఏళ్ల రోగికి ఐదు రోజులు ఆకు రసం ఇస్తే ప్లేట్‌లెట్లు 55 వేల నుంచి 1 లక్షా 68 వేలకు పెరిగాయని అందులో ఉంది. పెరిగింది ఐదు రోజుల్లో, అదీ ఒకే ఒక్క మనిషికి. 2013లో మలేసియాలో 228 మందిపై ఇంతకన్నా మెరుగైన అధ్యయనం చేశారు. సగం మందికి మామూలు చికిత్సతో పాటు మూడు రోజులు, రోజుకోసారి 50 గ్రాముల ఆకుల రసం ఇచ్చారు. రెండో రోజుకల్లా వాళ్ల సగటు ప్లేట్‌లెట్ల సంఖ్య మిగతావాళ్ల కన్నా పెరిగింది. కానీ రసం ఎవరు తాగుతున్నారో డాక్టర్లకూ తెలుసు, రోగులకూ తెలుసు. పైగా అందరూ ఆసుపత్రిలో ఉన్నవాళ్లే. రసం తాగితే ప్రాణాపాయం తప్పుతుందని ఆ అధ్యయనం తేల్చలేదు. ఆసుపత్రి మానేయమని అసలే చెప్పలేదు.

పక్కింటాయనకు తగ్గింది కదా అంటారా? డెంగీలో ప్లేట్‌లెట్లు సాధారణంగా మూడో రోజు తర్వాత పడుతూ వచ్చి, వారం తిరిగేసరికి వాటంతటవే లేస్తాయి. రసం మొదలుపెట్టేది ఎప్పుడు? కౌంట్ పడిందని రిపోర్టు వచ్చి టెన్షన్ పట్టుకున్నాక, అంటే నాలుగో రోజో ఐదో రోజో. ఆ తర్వాత రెండు మూడు రోజులకు కౌంట్ ఎలాగూ పెరగాల్సిందే. కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగాయి. పేరు మాత్రం కాకికి వచ్చింది.

ఇంతకీ ఆ మెసేజ్‌లో పెద్ద లోపం రసం గురించి కాదు, ప్లేట్‌లెట్ల గురించి. డెంగీలో మనిషిని ముంచేది ఎక్కువగా ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు. సన్నటి రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీటి భాగం బయటికి కారిపోవడం. దాంతో రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, మనిషి షాక్‌లోకి వెళ్తాడు. బ్లడ్ రిపోర్టు ఇంటికి రాగానే ప్లేట్‌లెట్ కౌంట్ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి గ్రూపులో ఫోటో పెడతారు. అదే కాగితంలో పీసీవీ అనే అంకె ఉంటుంది, రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పేది. ప్లేట్‌లెట్లు పడుతుండగా అది పెరుగుతోందంటే నీరు కారిపోతోందని అనుమానించాలి. దాని చుట్టూ సున్నా చుట్టినవాళ్లను నేనైతే చూడలేదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఈ నీరు కారడం తరచుగా జ్వరం దిగే సమయంలోనే మొదలై ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఒళ్లు చల్లబడింది, రసం పనిచేసింది, ఇక భయం లేదని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే.

ప్లేట్‌లెట్ల పిచ్చిని ఒక్క వాట్సాప్ మీదే తోసెయ్యలేం. కౌంట్ పడిందనగానే ప్యాకెట్లు ఎక్కించమని బంధువులు పట్టుబడతారు, కొన్ని చోట్ల ఆసుపత్రులూ సరేనంటాయి. సింగపూర్, మలేసియాల్లో కౌంట్ 20 వేలకు దిగిన పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. రక్తస్రావం లేనివాళ్లకు ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావమేమీ తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. ప్యాకెట్‌తోనే ఒరగనిది, కౌంట్ పెంచే రసంతో ఎంత ఒరుగుతుందో మీరే ఆలోచించండి.

కంపెనీలు తొక్కిపెట్టాయా? మెడికల్ షాపుకు వెళ్లి అడగండి. బొప్పాయి ఆకు సారంతో మాత్రలూ, సిరప్పులూ తీసి ఇస్తారు. తయారుచేసేది మందుల కంపెనీలే, రాసేవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. ఇంత బాహాటంగా అమ్ముకునేదాన్ని తొక్కిపెట్టడం ఎక్కడైనా ఉందా?

పళ్లు తినగలిగితే తినండి, కివీకి డబ్బులు దండగ తప్ప ప్రమాదం లేదు. కొబ్బరినీళ్లు, గంజి, ఓఆర్‌ఎస్ అంతకంటే చవక, ఒంటికి నీరూ పడుతుంది. బీట్‌రూట్ మాత్రం ఆ వారం వద్దు. అది తింటే విరేచనం ఎర్రగా కావచ్చు. అప్పుడు అది దుంప రంగో, లోపల రక్తమో తేల్చుకోవడం కష్టం.

చివరిది, నష్టమేమీ లేదన్న మాట. తిప్పతీగ విషయంలోనూ ఇలాగే అన్నారు. కోవిడ్ రోజుల్లో అది వాడి లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు. బొప్పాయి ఆకు అంత చెడ్డదని నేననను. కానీ ఈనె తీసి, మిక్సీలో వేసి, గుడ్డలో వడకట్టిన ఆ పచ్చటి రసం ఎంత చేదో తాగినవాళ్లకు తెలుసు. పిల్లలు గుక్క దిగకముందే కక్కేస్తారు. అసలే ఒంట్లో నీరు నిలవాల్సిన రోజుల్లో ఉన్నదీ పోతుంది. పైగా డెంగీలో ఆగని వాంతులే ఒక ప్రమాద సూచన. కడుపులో తగ్గని నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం కూడా అలాంటివే. వీటిలో ఏది కనిపించినా, జ్వరం తగ్గినా సరే, వెంటనే తీసుకెళ్లాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ వేయకూడదు. మెసేజ్‌లో ఇవేవీ ఉండవు. రసం ఇప్పటికే తాగించి ఉంటే ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి. ఆ వాంతి రసం వల్లనో, జబ్బు వల్లనో ఆయన తేల్చుకోవాలి కదా.