ఇంటికి పంపితే లెక్కలోంచి పోయినట్టేనా?

మొన్న మధ్యాహ్నం నల్లగొండ జిల్లా దేవరకొండ బస్టాండులో తొమ్మిదేళ్ల పాప ఒకతి ట్రంకు పెట్టె మీద కూర్చుని మా విలేకరికి కనిపించింది. మండే ఎండలోనూ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది, చెవుల వెనక నుంచి మెడ మీదికి దద్దులు దిగుతున్నాయి. పక్కనే తల్లి, ఆమె చంకలో ఐదు నెలల తమ్ముడు. పొద్దున హాస్టల్ నుంచి ఫోన్ వచ్చిందట: "మీ పిల్లకు అమ్మవారు పోసినట్టుంది, వచ్చి తీసుకపోండి" అని. అంతకు ముందు రెండు రోజుల్లో మరో నలుగురిని కూడా ఇలాగే పంపేశారట.

ఏ హాస్టలో ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఏమవుతుందో తెలుసు. సాయంత్రానికి వార్డెన్ సస్పెండ్ అవుతారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, ఫైలు మూసేస్తారు. మా గొడవ ఒక్క వార్డెన్‌తో కాదు.

ఆ పాపకు వచ్చింది తట్టు (మీజిల్స్) అవునో కాదో రక్తపరీక్ష చేస్తే తప్ప తేలదు. ఆ పరీక్ష ఎవరూ చేయించలేదు. టీకాలు వేసే నర్సు ఏఎన్ఎంకు కబురు లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరుకు తెలియదు. హాజరు రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా పడే మాట ఒకటే: సెలవు.

ఈ మాటే మమ్మల్ని భయపెడుతోంది. ఒకే ప్రాంతంలో నాలుగు వారాల్లో ఐదుగురికి తట్టు లక్షణాలు కనిపిస్తే వ్యాధి ప్రబలినట్టు లెక్క. అప్పుడు యంత్రాంగం కదలాలి. నమూనాలు ల్యాబ్‌కు వెళ్లాలి, ఇంటింటి సర్వే జరగాలి, టీకా పడని పిల్లలను వెతికి పట్టుకోవాలి. ఐదుగురూ హాస్టల్లో ఉంటే ఇదంతా జరిగేది. ఒకరు చందంపేట వైపు, ఒకరు డిండి వైపు, ఒకరు నేరేడుగొమ్ము వైపు ఎవరి తండాకు వాళ్లు వెళ్లిపోతే ఇక మిగిలేది ఐదు సెలవు చీటీలు. రోగం తగ్గలేదు, లెక్క తగ్గింది.

హాస్టల్లో ఉంచితే మిగతా పిల్లలకు అంటుకుంటుందని, ఇంటి దగ్గరైతే తల్లి కనిపెట్టుకుని ఉంటుందని అనేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ తట్టు దద్దులు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది, కనిపించాక మరో నాలుగు రోజులు అంటుతూనే ఉంటుంది. పాప మెడ మీద దద్దు చూసేసరికే ఆ గదిలో పడుకునే వాళ్లందరికీ గాలి తగిలేసింది. ఆమెను పంపినందువల్ల అక్కడ ఒరిగిందేమీ లేదు. ఇంటి దగ్గర మాత్రం కొత్తగా దొరికాడు, ఐదు నెలల తమ్ముడు. మీజిల్స్-రూబెల్లా టీకా మొదటి డోసు వేసేది తొమ్మిది నెలలు నిండాక. మధ్యలో కిటకిటలాడే బస్సు ఒకటి. తట్టు ఉన్నవాళ్లు దగ్గి వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ రెండు గంటల దాకా గాల్లో ఉండగలదు. రక్షణ లేని పది మంది దాని దగ్గరకు వస్తే తొమ్మిది మందికి అంటుతుంది. ఎవరి కోసం పంపినట్టు?

తట్టుకు ప్రత్యేకంగా మందు లేదు. కానీ చేయాల్సినవి ఉన్నాయి. విటమిన్-ఎ వరుసగా రెండు రోజులు ఇవ్వాలి, ఏడాది దాటిన పిల్లలకైతే డోసుకు రెండు లక్షల యూనిట్లు. కంటిచూపు కాపాడటానికీ ప్రాణం నిలబెట్టడానికీ అది పనికొస్తుంది. ఊపిరి తీసే తీరు చూస్తుండాలి, న్యుమోనియా తగులుకుంటే పిల్లలు చేతికందకుండా పోతారు. ఇంటికి వెళ్లిన పాపకు ఈ రెండు డోసులు ఎవరు వేస్తారు? గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో పోపు మానేసి, పిల్లను ఆస్పత్రి గడప తొక్కనివ్వని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లను తిట్టి లాభం లేదు. 'అమ్మవారు పోసింది' అని ఫోన్‌లో చెప్పింది హాస్టలే కదా!

ఇక వార్డెన్ల సంగతి. పది మందికి జ్వరం వచ్చిందని పైకి రాసిన వాళ్లకు ఏం దక్కుతోంది? మెమో. అన్నంలో పురుగొచ్చినా, నీళ్లు బాగోలేక వాంతులు పట్టుకున్నా మొదటి వేటు వాళ్ల మీదే. నోరు మూసుకుని పిల్లలను బస్సెక్కించిన వాళ్లకు మాత్రం 'మీ హాస్టల్లో ఏ సమస్యా లేదు' అని సమీక్షలో కితాబు. ఇది ఒకసారి చూసిన ఉద్యోగి రెండోసారి ఏం చేస్తాడో ఊహించడం కష్టమేమీ కాదు. పక్క హాస్టల్ వాళ్లు అదే నేర్చుకుంటారు, కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లు అదే చెబుతారు. కొన్నాళ్లకు అది పద్ధతి అయిపోతుంది. ఇవాళ తట్టు, రేపు డెంగీ, ఎల్లుండి కామెర్లు. ఏది వచ్చినా మందు ఒకటే, సెలవు.

పాలమూరు వైపు చూస్తే ఈ భయం ఇంకా పెరుగుతుంది. నారాయణపేట, కోస్గి, మద్దూరు పల్లెల నుంచి పనుల కోసం ముంబయి, పుణె పోయే కుటుంబాల పిల్లలు టీకా వేసే రోజు ఊళ్లో ఉండరు, టీకా కార్డు ఏ మూటలో ఉందో తల్లికే తెలియదు. 2022 చివర్లో ముంబయిలో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయారు. మనవాళ్లు మేస్త్రీ పనికీ మట్టి పనికీ పోయే నగరమే అది. అప్పుడే కేంద్రం ఒక మాట చెప్పింది: వ్యాధి ప్రబలిన చోట కేసుల్లో తొమ్మిది నెలల లోపు పసివాళ్లు పది శాతం దాటితే, ఆరు నెలలు నిండిన వాళ్లకు కూడా ఒక డోసు వేయొచ్చని. మంచి మాటే. పిల్లలంతా సెలవులో ఉన్న చోట ఆ పది శాతం ఎవరు లెక్క కడతారు?

డాక్టర్లు లేరని చెప్పే రోజులు కూడా పోయాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. రిబ్బన్లు కత్తిరించిన ఫొటోలు మేమూ వేశాం. ఆ కాలేజీల్లో పిల్లల విభాగం ఉంది, రోగాలు రాకుండా చూసే ప్రివెంటివ్ మెడిసిన్ విభాగం ఉంది. హాస్టల్ గేటు దాకా రావడానికి వాళ్లకు అడ్డేమిటి?

జ్వరం, దద్దు కనిపించిన పిల్లలను డాక్టర్ చూడకుండా హాస్టల్ గేటు దాటించకూడదని కలెక్టర్లు రేపే ఆదేశమివ్వాలి. జబ్బు పడ్డ పిల్లల కోసం ప్రతి హాస్టల్లో ఒక గది ఖాళీగా ఉంచాలి, బియ్యం బస్తాలు పెట్టుకోవడానికి కాదు. అన్నిటికంటే ముందు, జ్వరాల సంగతి పైకి రాసినందుకు ఎవరికీ మెమో ఇవ్వబోమని కాగితం మీద రాసివ్వండి. దాచినట్టు తేలితే మాత్రం వార్డెన్‌తో ఆగొద్దు. దాచమని కనుసైగ చేసిన పై అధికారి పేరు కూడా బయటపెట్టండి. 'అన్నీ నార్మల్' అనే నివేదికలు చదివి తలూపే సార్లకు ఒక్క ప్రశ్న: మీ ఇంటి పిల్లకు ఇలా ఒళ్లు కాలుతుంటే ట్రంకు పెట్టె చేతికిచ్చి బస్సెక్కిస్తారా?

ఆ పాప ఏ తండాకు వెళ్లిందో ఈ వారంలోనే కనుక్కోవాలి. తమ్ముడి మొదటి టీకాకు ఇంకా నాలుగు నెలలుంది. తట్టు అంటిన రెండు వారాలకు దద్దు పైకి తేలుతుంది, అందులో ఇప్పటికే రెండు రోజులు గడిచాయి. హాస్టల్‌కు ఫోన్ చేస్తే తెలిసిపోతుందనుకోవద్దు, అక్కడ 'సెలవు' అని మాత్రమే చెబుతారు. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని తండాల్లో నడవాల్సిందే.