రెండు క్యాలెండర్లు, 23 కన్నాలు

దేశాన్ని పట్టి పీడిస్తున్న సమస్యల మీద రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. గోడకు పడ్డ మేకు కన్నం గురించి రాసే నాథుడే లేడు. ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నాను. నీకున్న అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే, ఒడిశాలోని బరంపురంలో ఎనిమిదేళ్లు అద్దెకున్న ఫ్లాటు ఖాళీ చేస్తూ లెక్కపెట్టుకుంటే మా గోడలకు తేలిన కన్నాలు 23.

ఇన్నెందుకయ్యా అంటే, సరిహద్దులోని ఇచ్ఛాపురం అవతల, ఆంధ్రలో ఉన్న తెలుగువాళ్లకు ఒక్క క్యాలెండర్ చాలు. మాకు రెండు కావాలి. ఉగాది, వర్జ్యం, తద్దినాల తిథులు తెలుగుదాంట్లో చూసుకోవాలి. పిల్లల సెలవులు, రజ పండుగ, పణా సంక్రాంతి ఒడియాదాంట్లో చూసుకోవాలి. పోనీ ఒకే మేకుకి రెండూ తగిలిద్దామా అంటే కుదరదు. మన నెల అమావాస్యతో అయిపోతుంది, వాళ్ల నెల పౌర్ణమితో అయిపోతుంది. పక్కింటావిడ ముగ్గులు పెట్టి, మార్గశిరంలో లక్ష్మీదేవికి చేసే మాణబసా గురువారం నోము మొదలుపెట్టేసరికి మా గోడ మీద ఇంకా కార్తీకమే ఉంటుంది. "మనకింకా మార్గశిరం రాలేదా అండీ" అని మా ఆవిడ ఆ పక్షం రోజులూ రెండింటినీ మార్చి మార్చి చూస్తుంది. రెండూ పక్కపక్కన కనబడాల్సిందే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా చాలా భాగం అటు వెళ్లినప్పుడు, గీత గీసిన పెద్దలు ఎన్నో ఆలోచించే ఉంటారు. ఆ గీత వల్ల ఇన్ని ఇళ్లలో రెండో మేకు పడుతుందని మాత్రం ఎవరూ అనుకుని ఉండరు.

మిగతా 21 కన్నాల్లో గడియారం, దేవుడి పటాలు, పెద్దవాడి మెడల్స్ వాటా పోను నాలుగు టీవీవి. అవి డ్రిల్లింగ్ మిషన్‌తో పెట్టినవి, చిటికెన వేలు పట్టేంత.

ఇల్లుగలాయన వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని గోడలన్నీ తిరిగి చూశారు. "ఆజ్ఞా, ఇన్ని కణాలా?" అన్నారు. ఆజ్ఞా అంటే అయ్యా అని. ఒడియాలో కణా, తెలుగులో కన్నం. రెండూ అన్నదమ్ములో కాదో భాషాశాస్త్రజ్ఞులు తేల్చాలి గానీ, అడ్వాన్సులో కోత అనే అర్థం మాత్రం రెండింటికీ ఉంది. నేను చట్టం తిరగేశాను. కేంద్రం 2021లో రాష్ట్రాలకు ఒక నమూనా అద్దె చట్టం ఇచ్చింది. గోడలకు సున్నం, తలుపులకు రంగు యజమాని వంతు. కుళాయి వాషర్లు, తాళాలు, కిటికీ జాలీలు అద్దెకున్నవాడి వంతు. వాషర్ దాకా ఆలోచించిన మేధావులకు మేకు కన్నం తట్టకపోవడం నన్ను బాగా కలచివేసింది.

చట్టం చేతులెత్తేశాక చౌక వైద్యాలకు దిగాను. మొదట టూత్‌పేస్ట్. ఇది ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ అద్దె ఇళ్లవాళ్లందరికీ వచ్చిన విద్య. వేలితో అద్ది తుడిస్తే ఆ క్షణాన అద్భుతం. తెల్లారేసరికి ఎండి, కుంచించుకుపోయి, నడుమ గుంట పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ దిగింది. మా ఇంట్లో మూడు రోజులు ఎవరూ సరిగ్గా పళ్లు తోముకోలేదు. తర్వాత సబ్బు. కన్నం నిండింది కానీ దాని మీద రంగు నిలవలేదు. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు, గాలి ఎప్పుడూ చెమ్మే. వంటింటి గోడకు పెట్టిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఆ చెమ్మకే పొంగి పెచ్చులా లేచింది. చాక్‌పీసుల పొడి, ఫెవికాల్ కలిపిన ముద్ద ఒక్కటే పరువు నిలిపింది, అదీ సన్న మేకుల వరకే.

చివరికి హార్డ్‌వేర్ షాపతను జాలిపడ్డాడు. "ఎందుకు మాస్టారూ ఈ తిప్పలు, కిలో లప్పం పేకెట్ పట్టుకెళ్లండి" అన్నాడు. వైట్ సిమెంటు లప్పం అన్నమాట. కన్నం అంచుల్లో వదులుగా ఉన్న పెచ్చు గోకెయ్యాలి, దుమ్ము ఊదెయ్యాలి, నీళ్లు చిలకరించాలి. పొడిగోడ లప్పంలో నీళ్లు తాగేస్తుంది, తాగిందంటే పగుళ్లే. టీవీ కన్నాల్లో స్క్రూ పట్టడానికి దిగేసిన ప్లాస్టిక్ గిట్టీని పీకితే గోడ సగం ఊడొస్తుంది. మేకుతో లోపలికే తోసెయ్యాలి. ఒకేసారి కూరెయ్యకుండా రెండు విడతలుగా, రెండోది కాస్త ఉబ్బుగా. గడువు తీరిన ఏటీఎం కార్డు ఇందుకు దివ్యమైన తాపీ. రాత్రంతా ఆరనిచ్చి, చెక్కముక్కకు ఉప్పు కాగితం చుట్టి రుద్దితే చేత్తో తడిమినా తెలియదు. మొత్తం 23 కన్నాలకు పేకెట్‌లో పావు వంతు కూడా పట్టలేదు. మిగిలినది వానాకాలంలో కవరులోనే రాయైపోయింది. తలుపుకి అడ్డం పెట్టుకున్నాం.

చేత్తో తడిమితే తెలియదన్నాను. కళ్లతో చూస్తే?

గోడ క్రీమ్ రంగు. అంటే ఎనిమిదేళ్ల కిందట క్రీమ్. అగరుబత్తి పొగ, పోపు పొగ పట్టి ఇప్పుడు ఏ షేడ్ కార్డులోనూ లేని రంగు. కొత్త క్రీమ్ డబ్బా తెచ్చి లప్పం మీద అద్దితే గోడకు పొక్కులు పోసినట్టయింది. చిన్న ముక్కకు రంగు కలవదు, మూల నుంచి మూల దాకా గోడంతా వెయ్యాలి అని పెయింటర్ తాపీగా చెప్పాడు, డబ్బా కొన్నాక. ఇదివరకు కన్నాలు దగ్గరికెళ్లి వెతుక్కుంటే గానీ కనబడేవి కావు. ఇప్పుడు గుమ్మంలోంచే లెక్కపెట్టొచ్చు. ఇల్లుగలాయన అలాగే లెక్కపెట్టారు. అడ్వాన్సులోంచి పెయింటు ఖర్చు పట్టుకున్నారు. నేను నమూనా చట్టం సంగతి ఎత్తాను. ఆయన టీ ఇప్పించారు.

కొత్త ఫ్లాటు ఆస్కా రోడ్డు వైపు. గోడలు అద్దంలా ఉన్నాయి. ఒక్క కన్నం కూడా పడకూడదని కొత్త ఓనరు మరీ మరీ చెప్పారు. పాలు పొంగించిన రోజే మా ఆవిడ రెండు క్యాలెండర్లూ పట్టుకుని హాల్లో నిలబడింది. కంటికి ఎదురుగా ఉండే చోటు చూసి మేకు ఆనించి సుత్తితో ఒక్కటిచ్చాను. మేకు వెన్నలోకి దిగినట్టు దిగింది. తెల్లటి పొడి రాలింది.

మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టి చూసింది.

"లవంగం పేస్టండీ" అంది.