బరంపురంలో ఐపీ: చిన్న అప్పులు చేసినవాళ్లకు దివాలా చట్టం ఎక్కడుంది?

బరంపురం తెలుగు ఇళ్లలో ‘ఫలానా ఆయన ఐపీ పెట్టాడట’ అన్న మాట గొంతు తగ్గించి చెప్పుకొనేదే తప్ప నలుగురిలో పలికేది కాదు. దివాలా అర్జీకి ఇంగ్లిషు పేరైన ‘ఇన్‌సాల్వెన్సీ పిటిషన్’లోని రెండు మాటల మొదటి అక్షరాలవి. వకీళ్లు, కోర్టు గుమాస్తాలు వాడుకొనే ఆ పొట్టి పేరు ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ జనాల నోట పడేసరికి దాని అర్థమే మారిపోయింది. ఐపీ పెట్టడమంటే ఊరిని ముంచడమని, నమ్మినవాళ్ల నోట్లో మట్టి కొట్టడమని స్థిరపడింది. చీటీల డబ్బు వసూలు చేసుకొని, ఉన్న ఆస్తులు భార్య పేరనో బావమరిది పేరనో రాయించి, ఆ తర్వాత అప్పులవాళ్లకు నోటీసులు పంపించిన వ్యాపారుల వల్ల ఆ మాటకు ఈ మచ్చ వచ్చింది. వాళ్ల విషయంలో అది న్యాయమే. దాని బరువు మాత్రం మగ్గం మీద, వల మీద, కుట్టుమిషను మీద బతికే నిజాయితీపరుల మీద పడుతోంది. అప్పు తీర్చలేని స్థితి వచ్చినప్పుడు చట్టం దగ్గరకు వెళ్లవచ్చునన్న ఆలోచన కూడా వాళ్లకు రావడం లేదు. ఒకవేళ వచ్చినా, అక్కడ దొరికేది వందేళ్ల నాటి పాత చట్టం ఒకటి, కాగితం మీదే ఆగిపోయిన కొత్త చట్టం ఒకటి. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ రెండో సంగతి.

ముందు పాత చట్టం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా, బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకు 1909లో ఒక దివాలా చట్టం, మిగతా ప్రాంతాలకు 1920లో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వచ్చాయి. ఇచ్ఛాపురంలోనైనా, అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలోని బరంపురంలోనైనా మామూలు మనిషి దివాలా అర్జీ పెట్టుకోవలసింది నేటికీ ఈ 1920 చట్టం కిందే. మనిషి సాధారణంగా నివసించే చోటగానీ, వ్యాపారమో పనో చేసుకొనే చోటగానీ ఉన్న కోర్టులో అర్జీ వేయవచ్చు. అందువల్ల బరంపురంలో ఇల్లు, ఇచ్ఛాపురంలో కొట్టు ఉన్నవారికి రెండు దారులున్నాయి. సరిహద్దులో బతకడం వల్ల మనకు కలిసివచ్చే కొద్ది విషయాల్లో ఇదొకటి.

ఈ చట్టం ఏం చేస్తుందో, ఏం చేయదో అర్థం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. భర్త సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళ్లాడు, భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆమె పేరున మూడు కంపెనీల గ్రూపు లోన్లున్నాయి, మూడింటికీ కిస్తీలు కట్టాలి. ఆడబిడ్డ పెళ్లికి ప్రోనోటు రాసి తెచ్చిన 50 వేలకు నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు 1,500, ఏడాదికి 36 శాతం. చెవి దుద్దులు తాకట్టులో ఉన్నాయి. భర్తకు జబ్బుచేసి రెండు నెలలు డబ్బు పంపలేకపోయాడు. ఒక కిస్తీ కట్టడానికి ఇంకొక లోను తీసుకోవడం అక్కడ మొదలవుతుంది. ఆమె అర్జీ పెట్టుకొని, కోర్టు ఆమెను దివాలాదారుగా ప్రకటించిందనుకుందాం. ఆమె ఆస్తి కోర్టు చేతికో, కోర్టు నియమించిన రిసీవర్ చేతికో వెళుతుంది. అయితే జప్తుకు వీలులేనివని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెప్పిన వస్తువులు దీనికి బయటే ఉంటాయి. వంటపాత్రలు, పరుపులు, కట్టుబట్టలు, ఆచారం ప్రకారం స్త్రీ విడవకూడని నగలు, చేతిపనివాళ్ల పనిముట్లు ఆ జాబితాలో ఉన్నాయి. బతుకుతెరువైన కుట్టుమిషను పోతుందన్న భయం ఆమెకు అవసరం లేదు. ప్రోనోటు మనిషి ఇకమీదట కోర్టు అనుమతి లేకుండా ఆమెపై దావా వేయలేడు. గ్రూపు లోన్ల కంపెనీలకూ ఇదే వర్తిస్తుంది. దుద్దుల సంగతి వేరు. తాకట్టు ఉన్న అప్పు జోలికి ఈ చట్టం పోదు, బంగారం పట్టుకున్నవాడు దాన్ని వేలం వేసుకోవచ్చు.

అసలు చిక్కు గ్రూపులో ఉంది. ఈ లోన్లలో ఒకరికి మరొకరు పూచీ. చివరికి కోర్టు ఆమెను అప్పుల నుంచి విడుదల చేసినా, ఆమెతోపాటు బాధ్యత పడ్డవాళ్లకు, హామీ ఇచ్చినవాళ్లకు ఆ విడుదల వర్తించదని 1920 చట్టం స్పష్టంగా చెబుతోంది. అంటే ఆమె బయటపడిన మర్నాడు ఎదురింటి వదినగారి గుమ్మం ముందు కలెక్షను ఏజెంటు కూర్చుంటాడు. మన ఆడవాళ్లు ఐపీ మాట ఎత్తకపోవడానికి చట్టం తెలియకపోవడం ఒక్కటే కారణమని నేను అనుకోను. ఇరుగుపొరుగు మొహం చూడలేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఈ కట్టుబాటును తనఖాగా పెట్టుకొనే సూక్ష్మరుణ వ్యాపారం నడుస్తోంది. దివాలా చట్టాన్ని రాసినవాళ్లకు 1920లో అది తెలిసే అవకాశం లేదు, 2016లో కొత్త చట్టం రాసినవాళ్లకు మాత్రం తెలియాలి.

మరొక అపోహ కూడా ఇక్కడ బలంగా ఉంది. అర్జీ వేయగానే అప్పు పోయిందని చాలామంది నమ్ముతారు. దివాలాదారుగా ప్రకటించే ఉత్తర్వులోనే కోర్టు ఒక గడువు పెడుతుంది, ఆ గడువులోగా అప్పుల నుంచి విడుదల కోరుతూ మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. చేసుకోకపోతే ప్రకటన రద్దవుతుంది, అప్పులన్నీ తిరిగి మొదటికి వస్తాయి. ఆ విడుదల కూడా సులువుగా రాదు. తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి అర్ధరూపాయి విలువైన ఆస్తి కూడా లేనివారికి, ఆ స్థితి తమ తప్పు వల్ల రాలేదని కోర్టును ఒప్పించగలిగితే తప్ప, షరతులు లేని విడుదల ఇవ్వకూడదు. ఒప్పించగలిగినవాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు పడవలు, వలలు పోగొట్టుకున్న మత్స్యకారులు, 2018లో తిత్లీ తుపానుకు తోటలు నేలమట్టమైన గజపతి జిల్లా రైతులు ఏ తప్పు చేశారు? చట్టంలో వాళ్లకోసం ఆ మాట రాసే ఉంది. దాన్ని వాళ్ల తరఫున కోర్టులో చెప్పేవాళ్లే కావాలి.

పాత చట్టంలోని అంకెలు చూస్తే మాత్రం బాధ కలుగుతుంది. 500 రూపాయల అప్పు ఉంటే అర్జీ పెట్టుకోవచ్చునన్న నిబంధన నేటి ధరల్లో అర్థం కోల్పోయినా, దాని వల్ల ఎవరికీ హాని లేదు. హాని చేసే అంకె వేరొకటి ఉంది. విడుదల పొందని దివాలాదారు తన స్థితి చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అరువు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు విధించవచ్చు. 1920లో 50 రూపాయలంటే పెద్ద మొత్తం. ఇప్పుడది కిరాణా కొట్టు ఖాతాలో ఒక పూట సరుకు కూడా కాదు. ఆ ఊహించిన ఇంటి ఇల్లాలు దుకాణదారుతో ‘బాబూ, నేను దివాలా తీశాను’ అని ముందే చెప్పకుండా కిలో బియ్యం అరువు తెచ్చుకుంటే, చట్టం అక్షరాల ప్రకారం అది నేరమే. వందేళ్లుగా ఈ అంకెను సరిచేయకపోవడం పాలకుల నిర్లక్ష్యం తప్ప మరేమీ కాదు.

ఈ పాత చట్టాలను రద్దుచేసి వాటి స్థానంలో కొత్త పద్ధతి తెస్తామని పార్లమెంటు 2016లో ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ కోడ్‌ను చేసింది. కంపెనీల భాగం చకచకా అమల్లోకి వచ్చింది. వ్యక్తుల కోసం రాసిన మూడో భాగం మాత్రం, కంపెనీల అప్పులకు హామీ ఇచ్చిన వ్యక్తుల వరకే 2019 డిసెంబరు 1 నుంచి అమలైంది. కోట్ల రూపాయలకు సంతకం పెట్టిన పారిశ్రామికవేత్తకు కొత్త చట్టం, 50 వేల ప్రోనోటు మీద వేలిముద్ర వేసిన నేతగాడికి బ్రిటిషువాళ్ల చట్టం. పోనీ అదే మూడో భాగాన్ని ఉన్నదున్నట్టు అమల్లోకి తెస్తే మేలు జరుగుతుందా? అందులో నిరుపేదల కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే మంచి ఏర్పాటు ఉంది. దరఖాస్తు ఆమోదం పొందితే 180 రోజులపాటు అప్పులవాళ్లు ఆ అప్పుల కోసం ఏ చర్యా తీసుకోకూడదు, ఆ తర్వాత అర్హమైన అప్పులు రద్దవుతాయి. అర్హత మాత్రం ఇలా ఉంది: ఏడాది ఆదాయం 60 వేలు దాటకూడదు, ఆస్తి విలువ 20 వేలు దాటకూడదు, అర్హమైన అప్పు 35 వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. మరోవైపు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వుబ్యాంకు నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల దాకా ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు సూక్ష్మరుణమే. ఒకటి కుటుంబ ఆదాయం, ఇంకొకటి వ్యక్తి ఆదాయం అన్న తేడా ఉన్నప్పటికీ, అప్పు ఇవ్వడానికి 3 లక్షలవాళ్లు కూడా పేదలే, మాఫీ చేయడానికి నెలకు 5 వేలు దాటినవాళ్లు పేదలు కారు అన్న వాదన నిలవదు. పేదరికానికి రెండు కొలతలు పెట్టి, రెండూ అప్పు ఇచ్చినవాడి వైపే మొగ్గేలా చేశారు.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఈ తేడాలు కొత్త కాదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత దాన్ని చట్టం చేసింది. ఆ కట్టడి రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగింది. ఇచ్ఛాపురంలో అక్కకు దొరికిన రక్షణ, బరంపురం కోడలైన చెల్లెలికి దొరకలేదు. ఆ ఆంధ్ర చట్టం ఎంత మేలు చేసిందన్నది వేరే చర్చ, ప్రైవేటు వడ్డీవ్యాపారి దగ్గరకు తిరిగి పోయినవాళ్లూ ఉన్నారన్న విమర్శను నేను కొట్టిపారేయను. రాష్ట్రాల హద్దులతో నిమిత్తం లేకుండా పనిచేయవలసింది దివాలా చట్టమే గనుక, దాన్ని కేంద్రం నిద్రపుచ్చడం మనబోటివాళ్లకు రెట్టింపు నష్టం.

అప్పు ఇచ్చినవాళ్లందరూ రాబందులు కారన్నది కూడా గుర్తుంచుకోవలసిన మాట. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బును తెలిసినవాళ్లకు వడ్డీకిచ్చిన మాస్టారు, భర్త పోయాక వచ్చిన బీమా సొమ్మును నమ్మి చేతిలో పెట్టిన ఇల్లాలు కూడా ఐపీ నోటీసు అందుకున్నవాళ్లలో ఉంటారు. వాళ్ల కోపానికి అర్థముంది. నిజానికి వాళ్లను కాపాడే ఆయుధాలు 1920 చట్టంలోనే ఉన్నాయి. దివాలా అర్జీకి ముందు రెండేళ్లలో ఉచితంగా రాసిచ్చిన ఆస్తిని రిసీవర్ రద్దు చేయించవచ్చు. అర్జీకి ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికే పక్షపాతంతో చెల్లించినా అది చెల్లదు. ఆస్తి, లెక్కలు దాచిన దివాలాదారుకు ఏడాది దాకా జైలు పడవచ్చు. మోసగాణ్నీ, చితికిపోయినవాణ్నీ విడదీసే పని కోర్టు చేయగలదు. మన నాలుకే ఇద్దరినీ ఒకే మాటతో కొడుతోంది.

భయం కూడా చాలావరకు అబద్ధాల మీద నిలబడింది. డబ్బు కట్టమన్న కోర్టు తీర్పు (డిక్రీ) అమలులో స్త్రీని అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒప్పుకోదు. పురుషుణ్ని కూడా కేవలం కట్టలేకపోయినందుకు సివిల్ జైలుకు పంపకూడదని, స్తోమత ఉండీ దురుద్దేశంతో ఎగ్గొట్టాడని తేలాలని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. సూక్ష్మరుణాల వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదని రిజర్వుబ్యాంకు నిబంధన. చెల్లని చెక్కు కేసు మాత్రం వేరు, అది క్రిమినల్ వ్యవహారం గనుక ఐపీతో దానంతటదే ఆగిపోదు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టినవాళ్లు ఈ సంగతి వకీలుకు ముందే చెప్పాలి.

ఇక నా అభ్యర్థన. మూడో భాగంలోని ఫ్రెష్ స్టార్టును అమల్లోకి తేవాలి, దాని హద్దులను కనీసం సూక్ష్మరుణ నిర్వచనంతో సమానం చేయాలి, ఆ విడుదల గ్రూపులోని హామీదారులకూ వర్తించేలా రాయాలి. అంతకన్నా ముఖ్యం, ఆ దరఖాస్తును బ్యాంకుల బాకీల వసూలు కోసం పెట్టిన డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు అప్పగించకూడదు. ఒడిశాకు ఆ ట్రిబ్యునల్ కటక్‌లో ఉంది, బరంపురానికి దాదాపు 200 కిలోమీటర్లు, కొరాపుట్‌కు అంతకు రెట్టింపు పైనే. కిస్తీకి డబ్బు లేనివారిని వాయిదాకు కటక్ రమ్మనడం రావద్దనడంతో సమానం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా జిల్లాలోనే ఈ పని జరగాలి, అక్కడ ఒడియాతోపాటు తెలుగులోనూ కాగితాలు రాసిపెట్టే మనిషి ఉండాలి.

అది జరిగేదాకా ఉన్న చట్టంతోనే నెట్టుకురావాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోను చేసి అడగవచ్చు. అర్జీలో ఉన్న ఆస్తంతా, ఉన్న అప్పంతా, ప్రతి అప్పులవాడి పేరు, ఊరు రాయాలి. మొహమాటపడి మేనమామ దగ్గరి చేబదులును వదిలేస్తే కోర్టు దాన్ని దాచినట్టుగా చూసే ప్రమాదముంది. పేరు రాశాక ఆయన ఇంటికీ కోర్టు నోటీసు వెళుతుంది, కాబట్టి అది చేరేలోగా ఒకసారి వెళ్లి, ఎందుకు పెట్టవలసి వచ్చిందో ఆయనతో కూర్చొని చెప్పి రావాలి.